దరఖాస్తు వ్రాయని దర్శకుడు - నెల్లూరు వై.వి. రావు

చలనచిత్రకళను క్రమపద్ధతిలో అభ్యసించగోరే విద్యార్థిని కొన్ని శిక్షణాలయాలు మొదట ఒక చిన్న వ్యాసం వ్రాయమని అడుగుతాయి. నీవెవరవు, ఏమి చూచి ఈ కళవైపు మరలితివి, ఏ కథలను ఏ కారణంచేత చెప్పదలచితివి అన్నవే అందులోని ప్రశ్నలు. ఇట్టి వ్యాసం వ్రాయబూనిన మన విద్యార్థులలో పలువురు, బాల్యం నుండి తమకు సినిమాపై అమితమైన మక్కువ కలదని మొదటి వాక్యంలోనే ప్రకటిస్తారు. మక్కువ లేనివాడు దరఖాస్తు పెట్టడు గదా! ఎంపిక చేసేవారు చూడగోరేది మక్కువను కాదు, దృష్టిని. ఆ దృష్టి ఎట్లా ఏర్పడుతుందో తెలుసుకొనడానికి, అట్టి దరఖాస్తు పెట్టడానికి తావే లేని రోజులలో దర్శకుడైన మన నెల్లూరు బిడ్డ యరగుడిపాటి వరదరావుగారి జీవితం పరిశీలింపదగినది. చిత్రరంగంలో వారు వై.వి. రావుగా ప్రసిద్ధులు.

వారు 1903వ సంవత్సరంలో నెల్లూరులో జన్మించారు. నెల్లూరు ఆనాడు మదరాసు రాజధానిలోని ఒక జిల్లా కేంద్రం. తూర్పున మైపాడు, కృష్ణపట్నం తీరాలు. దక్షిణంగా రైలెక్కి గూడూరు, సూళ్లూరుపేట, తడ దాటితే తమిళదేశం. తెలుగు, తమిళం రెండూ చెవినిబడే ఈ కోస్తాలో పుట్టినవారికి ఒక భాషనుండి మరొక భాషలోనికి అడుగుపెట్టడం పరదేశగమనం అనిపించదు. వరదరావుగారి ఉత్తర జీవితాన్ని చూచినప్పుడు ఈ సంగతి జ్ఞాపకం రాక మానదు.

సినిమా నేర్పే బడి అప్పటికి మనదేశంలో లేదు. రఘుపతి వెంకయ్యగారు తమ కుమారుడు ప్రకాశ్‌ను ఆ విద్య కొరకు ఇంగ్లండు పంపగలిగారు. అందరికీ అట్టి భాగ్యం ఎక్కడిది? రంగస్థలంపై నటించిన వరదరావుగారు కొల్హాపూరు చేరి మూకీ చిత్రాలలో వేషాలు ధరించారు. మూకీకి భాషాభేదం లేదు. నటుని ముఖమే మాట, చేతులే వాక్యాలు. నెల్లూరు యువకుడు మరాఠీ దేశంలో నటుడుగా నిలువగలగడానికి అదే కారణం. పిదప మదరాసుకు వచ్చి, ఎ. నారాయణన్‌గారి జనరల్ పిక్చర్సు సంస్థ చిత్రాలలో నటించారు. 1929లో వచ్చిన గరుడ గర్వభంగం వాటిలో ఒకటి. కెమెరా ముందు నిలబడియే కెమెరా వెనుక పనిని గ్రహించిన తరం అది. 1930లో పాండవ నిర్వాణంతో వారు దర్శకులయ్యారు. బెంగుళూరులోని సూర్య ఫిలిం కంపెనీ పక్షాన మరికొన్ని మూకీలు తీశారు.

ఇంతలో టాకీ వచ్చింది. మాట రాగానే సినిమాకు సరిహద్దులు ఏర్పడినవి. మూకీల నాటి నటీనటులు కొందరు తెరమరుగైనారు. వరదరావుగారు మాత్రం ఆ సరిహద్దులను లెక్కచేయలేదు. 1934 మార్చి 3వ తేదీన బెంగుళూరు పారమౌంటు థియేటరులో విడుదలైన సతీ సులోచన కన్నడంలో వెలువడిన మొదటి టాకీ. దానికి దర్శకులు మన నెల్లూరు వారే. లక్ష్మణుని పాత్ర ధరించినవారును వారే. ఇంద్రజిత్తుగా సుబ్బయ్యనాయుడు, రావణునిగా ఆర్. నాగేంద్రరావు నటించారు. బెంగుళూరులో శబ్దగ్రహణ సదుపాయం లేనందున బృందమంతా కొల్హాపూరు వెళ్ళి ఛత్రపతి స్టూడియోలో చిత్రీకరించారు. ఒక తెలుగువాడు మరాఠీగడ్డపై కన్నడ వాక్చిత్రానికి శ్రీకారం చుట్టడం విశేషమే గదా!

మూడేండ్ల తరువాత తమిళంలో చింతామణి వచ్చింది. బిల్వమంగళుని కథ. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, అశ్వత్థమ్మ ప్రధాన పాత్రధారులు. అది సంవత్సరానికి మించి ఆడింది. దాని లాభాలతో మధురలో ఆ పేరిటనే ఒక థియేటరు వెలసింది. విజయంలో పాపనాశం శివన్ పాటలకు, భాగవతార్ కంఠానికి పెద్ద వాటా ఉన్నదని ఒప్పుకోవలసిందే.

ఇంతటి విజయం చేతిలో ఉన్నవాడు ఏమి చేస్తాడు? మరొక భక్తికథ తీస్తాడు. వరదరావుగారు తీయలేదని కాదు. కాని 1939లో తమ జగదీశ్ ఫిలిమ్సు పతాకంపై తెలుగులో మళ్ళీ పెళ్ళి తీశారు. పేరులోనే విషయం ఉన్నది. బాల్యంలో వైధవ్యం పొందిన యువతిగా కాంచనమాల, ఆమెను పెండ్లాడ నిశ్చయించిన యువకునిగా స్వయంగా దర్శకులే నటించారు. రచన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది. వితంతు వివాహాన్ని శాసనం అంగీకరించినది 1856లో. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881లో. అర్ధశతాబ్దికి పైగా గడచినా ఇండ్లలో ఆ మాటకు తలుపులు మూసే ఉన్నవి. గూడవల్లి రామబ్రహ్మంగారి మాలపిల్ల ఏడాది ముందే వచ్చి, తెలుగు ప్రేక్షకుడు సంఘవిషయాలను చూడగలడని నిరూపించింది. అయినప్పటికీ, సంస్కరణను ఉపన్యాసంగా గాక, ఒక ఇంటిలోని ప్రేమకథగా చూపడం వరదరావుగారి నిర్ణయం. ప్రేక్షకుడు వాదంలో ఓడినా తన పట్టు విడువడు. కాంచనమాల ముఖం చూచిన పిమ్మట మాత్రం ఆలోచనలో పడతాడు. మూకీల నాడు నేర్చిన పాఠం ఇక్కడ అక్కరకు వచ్చినదని నా అభిప్రాయం.

మరుసటి సంవత్సరం విశ్వమోహిని. చిత్తూరు నాగయ్యగారు నటించిన ఈ చిత్రానికి వస్తువు చిత్రరంగమే. తండ్రి ఆస్తి పోగొట్టుకొనగా, కూతురు విశ్వమోహిని అనే పేరుతో సినీతార అవుతుంది. సినిమా ప్రపంచాన్నే కథావస్తువుగా చేసికొన్న తొలి భారతీయ చిత్రంగా దీనిని పేర్కొంటారు. కుటుంబ స్త్రీ తెరపైకి రావడాన్ని సంఘం ఇంకను సందేహంతో చూస్తున్న రోజులవి. తన వృత్తిని తానే నిలదీసి చూచుకొనడం మళ్ళీ పెళ్ళి కంటె సాహసమైన పని.

1941లో తమిళ సావిత్రి. మరాఠీ నటి శాంతా ఆప్టే తమిళం నేర్చి సావిత్రిగా నటించగా, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి నారద పాత్ర ధరించారు. సుబ్బులక్ష్మిగారు ఆ పారితోషికాన్ని కల్కి పత్రిక స్థాపనకు వినియోగించడం అందరెరిగినదే. 1944లో భానుమతిగారితో తెలుగున తహసీల్దార్ తీశారు.

ఉర్దూ, తెలుగు రెండు కన్నులుగా గల మన కళాశాలకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది 1946లో వచ్చిన లవంగి. పండితరాజ జగన్నాథుడు తెలుగువాడు. షాజహాన్ చక్రవర్తి ఆస్థానంలో పండితరాజ బిరుదాన్ని, ఆసఫ్ ఖాన్‌వంటి ప్రభువుల ఆదరణను పొందిన మహాకవి. అంతఃపురంలోని లవంగి అనే ముస్లిం యువతిని ఆయన వలచి వివాహమాడినాడని ఐతిహ్యం. చరిత్రకారులు దానిని రూఢిగా అంగీకరించలేదు. జనం మాత్రం మరువలేదు. ఈ కథను వరదరావుగారు తమిళంలో తెరకెక్కించి, జగన్నాథ పాత్ర తామే ధరించారు. లవంగిగా కుమారి రుక్మిణి నటించారు; ఆమె వారి జీవిత సహచరి అయినారు. ప్రసిద్ధ నటి లక్ష్మి వీరి కుమార్తె. దేశం మతం పేరిట చీలిపోవడానికి ఒక్క ఏడాది ముందు ఈ కథను ఎన్నుకొనడం గమనింపదగినది.

1950 దశకంలోను వారు చిత్రాలు తీశారు గాని తొలినాళ్ళ ప్రాభవం తిరిగి రాలేదు. 1960లో పూనాలో ప్రభుత్వం ఫిలిం ఇన్‌స్టిట్యూట్ నెలకొల్పింది. అది వెలసినది పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో. ఆ ప్రభాత్ సంస్థ పుట్టినదీ కొల్హాపూరులోనే! వరదరావుగారికి అప్పటికి ఏబదియేడేండ్లు. 1973లో వారు కన్నుమూశారు.

ఇప్పుడు వారే దరఖాస్తు వ్రాయవలసివస్తే ఏమి వ్రాసేవారో ఊహించడం మన విద్యార్థులకు మంచి అభ్యాసం. తీసిన చిత్రాల పట్టిక ఇస్తే సరిపోదు. భక్తికథకు బంగారుపంట పండిన వెంటనే వితంతువు కథను ఎందుకు చేపట్టారో, పరభాషలో తొలి టాకీ తీయడానికి ధైర్యం ఎక్కడిదో చెప్పవలసి ఉంటుంది. నిదర్శనంగా చూపడానికి చిత్రాలైనా చాలినన్ని లేవు. సతీ సులోచన ప్రతి దొరకదు; చింతామణి ప్రతియూ దొరకదు. మళ్ళీ పెళ్ళి మాత్రం నేటికీ చూడవచ్చును. దరఖాస్తు పెట్టదలచినవారు ఒకసారి చూచి, ప్రశంస మాని, ఏ సన్నివేశంలో కెమెరాను ఎక్కడ నిలిపారో, అక్కడనే ఎందుకు నిలిపారో ఒక పుట వ్రాసి తెస్తే, తెలుగు శాఖలో చదివి దిద్దిపెట్టగలం.