అభ్యాసబలము: బెంజమిన్ ఫ్రాంక్లిను చరిత్రము

దురభ్యాసములు ఒక్కనాఁట మనలను బంధించునవి కావు. నేఁడొక పని చేయుదుము; రేపు దానినే మరల చేయుదుము; కొంతకాలమునకు ఆలోచింపకయే చేయుదుము. అట్లు బిగిసిన ముడిని ఒక్క ఒట్టుతో విప్పవచ్చునని తలఁచి భంగపడినవారు పెక్కండ్రు. దానిని విప్పు తెఱఁగును వెదకినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిను ఒకఁడు.

ఈతఁడు 1706 వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను పట్టణమున, సబ్బును క్రొవ్వొత్తులును చేసి జీవించు నొక గృహస్థునకు జన్మించెను. బడిచదువు రెండేండ్లతోనే ముగిసెను. పండ్రెండవయేఁట అన్నగారి ముద్రాక్షరశాలలో చేరి, 1723 లో అచ్చటినుండి పాఱిపోయి, ఫిలడెల్ఫియా నగరమున తానే ముద్రాక్షరశాల స్థాపించి ధనమును కీర్తియు గడించెను.

యౌవనముననే ఈతఁడు తన లోపములన్నిటిని ఒక్కమాఱుగా పోఁగొట్టుకొన నిశ్చయించెను. కాని యొకదానిని కనిపెట్టుచుండఁగా మఱియొకటి ప్రవేశించుచుండెను. సంకల్పమాత్రము చాలదని గ్రహించి, మితాహారము, మితభాషణము, క్రమము, న్యాయము మొదలగు గుణములను ఏర్పఱచుకొని, ఒక చిన్నపుస్తకమున దినములకు 7 గడులును గుణములకు 13 వరుసలును గీచి, ప్రతిదినమును తాను తప్పినచోట నల్లని చుక్క పెట్టుచుండెను. వారమునకొక గుణమునందే ముఖ్యదృష్టి నిలుపును, 13 వారములకొక యావృత్తి, ఏఁటికి నాలుగావృత్తులు. చుక్కలను చెఱిపి చెఱిపి కాగితము చిల్లులు పడఁగా, దంతపు ఱేకులపై గుఱుతులు పెట్టసాగెను. గర్వివని స్నేహితుఁడొకఁడు తెలుపఁగా, వినయమును పట్టికలో చేర్చి, నిస్సందేహముగా ననునట్టి మాటలను సంభాషణమున మానివేసెను. మొదట ప్రయాసమైన యీ పని క్రమముగా సులభమయ్యెను. క్రమము మాత్రము వశము కాలేదు. అయినను యత్నింపకున్న నుండెడి స్థితికంటె మేలుగా నుంటినని వృద్ధాప్యమున తృప్తినొందెను.

ఇచ్చట మనము విచారింపవలసినది యొకటి కలదు. న్యాయము ఆ పట్టికలో నుండెను. అయినను ఆతని యింట బానిసలుండిరి, ఆతని పత్రికలో బానిసల విక్రయప్రకటనలు పడుచుండెను. చుట్టునున్నవారందఱును చేయు పని తప్పుగా తోఁపదు. తప్పుగా తోఁపనిదానికి చుక్క యెట్లు పడును? 1763 లో ఫిలడెల్ఫియాలోని నల్లజాతి బాలబాలికల పాఠశాలను స్వయముగా చూచి, వారి బుద్ధి తెల్లవారి బుద్ధికి తీసిపోదని తెలిసికొని, తన పూర్వాభిప్రాయమును విడిచెను. అభిప్రాయము మాఱుటకును ఆచరణము మాఱుటకును నడుమ బహువర్షములు గడచెను. 1787 లో పెన్సిల్వేనియా బానిసత్వనిర్మూలన సంఘమునకు అధ్యక్షుఁడై, 1790 ఫిబ్రవరిలో శాసనసభకు విజ్ఞాపన పంపెను. అది నెఱవేఱలేదు. ఆ యేఁటనే ఏప్రిల్ 17 వ తేదిని 84 యేండ్ల ప్రాయమున మరణించెను.

ఒంటిగా చేయు తప్పును పుస్తకము పట్టియిచ్చును. ఊరంతయు చేయు తప్పును గుర్తింపవలెనన్న, దానివలన బాధపడువారి కడకు పోయి చూడవలెనని మా యభిప్రాయము. ఆచారమను పేర మన గృహములందు నిలిచినవానిలో నెన్నిటికి మనమింకను గడి గీయలేదో చదువరులు విచారింతురు గాక.