బూర్గుల రామకృష్ణారావు గారి జీవితం



ఎండాకాలం సెలవుల్లో నేను లాలాపేటకు మా పెద్దన్న రూముకు పోయాను. అన్న ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతున్నాడు. తార్నాక మీదుగా నడిపించుకుంటూ తీసుకుపోయి ఆర్ట్స్ కాలేజీ చూపించాడు. అంత పెద్ద రాతి కట్టడం నేను ఎక్కడా చూడలేదు. ఈ యూనివర్సిటీని 1918లో పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పేవారట. నిజాం రాజ్యంలో సగం మంది దాకా తెలుగు వాళ్లే కదా, మరి వాళ్ల పిల్లలు ఎట్ల చదివిండ్రు అని అడిగాను. అప్పుడు అన్న బూర్గుల గారి గురించి చెప్పి, లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి ఇచ్చిండు. అది చదివి ఇది రాస్తున్నాను.

బూర్గుల రామకృష్ణారావు గారు 1899 మార్చి 13న మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్ గ్రామంలో జన్మించారు. ఇంటిపేరు పుల్లంరాజు. కానీ ఊరి పేరు బూర్గుల, అదే ఇంటిపేరుగా నిలిచిపోయింది. 1923లో పూనాలోని ఫెర్గూసన్ కాలేజీలో బి.ఎ. అయ్యారు. తర్వాత బొంబాయి యూనివర్సిటీ నుంచి లా పట్టా తీసుకొని హైదరాబాదులో వకీలు అయ్యారు. అక్కడ కోర్టు పనంతా ఉర్దూలోనే. ఆయనకు ఉర్దూ, పారశీ, సంస్కృతం, ఇంగ్లీషు, మరాఠీ అన్నీ వచ్చు. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు కూడా మొదట ఈయన దగ్గర జూనియర్ వకీలుగా పనిచేశారు.

నాకు ఎక్కువగా నచ్చిన సంగతి 1921లో జరిగింది. హైదరాబాదులో వివేకవర్ధిని థియేటర్‌లో ఒక పెద్ద సభ పెట్టారు. అందరూ ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు, అల్లరి చేసి మాట్లాడనియ్యలేదు. అది తెలుగువాళ్లకు మనసులో గుచ్చుకుంది. వెంటనే కొందరు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారితో పాటు ఆ సంఘంలో పనిచేసిన వారిలో బూర్గుల ఒకరు. తర్వాత అది ఆంధ్ర మహాసభ అయింది. 1931లో దేవరకొండలో జరిగిన రెండో సభకు బూర్గుల గారే అధ్యక్షులు.

ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు దాహమై మా గోండిలో ఏర్ అన్నాను. ఏర్ అంటే నీళ్లు. ఈ పిల్ల ఏరంతా తాగుతుందట అని అందరూ నవ్విండ్రు. ఎవరని రాయను. మూడు నెలలు నేను క్లాసులో నోరు తెరవలేదు. తెలుగుకు కూడా ఒకప్పుడు అట్లాంటి రోజు వచ్చిందని నాకు తెల్వదు.

మన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన నాటికి బూర్గుల గారు పేరున్న వకీలు. స్టేట్ కాంగ్రెస్‌లో ఉండి జైలుకు కూడా పోయారు. 1950లో వెల్లోడి గారి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. కౌలు రైతులకు రక్షణ ఇచ్చే చట్టం ఆ ఏడాదే వచ్చింది. 1952లో మొదటి ఎన్నికలలో షాద్‌నగర్ నుంచి గెలిచి హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1954లో ఆ చట్టంలోనే 38-ఇ అనే సెక్షన్ చేర్చారు. రక్షిత కౌలుదారుకు దున్నే భూమి మీద హక్కు రావాలని. కౌలు అంటే ఏమిటో మన ఇండ్లల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. కానీ ఆ హక్కు అమలులోకి వచ్చింది 1973లో. అప్పటికి ఆయన లేరు.

ఇంకొక సంగతి ఉన్నది. అది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1952లో బయటి వాళ్లకు ఇక్కడి ఉద్యోగాలు ఇస్తున్నారని, ముల్కీ నియమాలు పాటించాలని వరంగల్ నుంచి హైదరాబాదు దాకా విద్యార్థులు ఊరేగింపులు తీశారు. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. అప్పుడు ముఖ్యమంత్రి ఈయనే. తెలుగు కోసం నిలబడ్డ మనిషి సర్కారులోనే ఇట్ల ఎట్ల జరిగిందో నాకు అర్థం కాలేదు. మంచిది రాసి ఇది విడిచిపెడితే సగం జీవితమే రాసినట్టని, మేడమ్ గారిని అడిగి ఉంచాను.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. బూర్గుల గారు కేరళకు, తర్వాత ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పోయారు, రాజ్యసభలో కూడా ఉన్నారు. ఇన్ని పనుల నడుమ సంస్కృతం నుంచి సౌందర్యలహరిని తెలుగు చేశారు. 1967 సెప్టెంబరులో మరణించారు. హైదరాబాదులో సెక్రటేరియట్ దగ్గర ఆయన పేరు మీద భవనం ఉన్నది. నేను బస్సులోంచే చూశాను.

వచ్చే నెల గోడపత్రికలో ఒక మూల గోండి మాటలకు ఇవ్వమని అడిగాను. అట్ట మిగిలితే ఇస్తామన్నారు. అట్ట నేనే తెస్తానని చెప్పాను. మొదటి మాట ఏర్ అని రాస్తాను.