నాయన తెచ్చిన బొమ్మ

మా కర్నూలు పక్కన ఓర్వకల్లులో 2021లో ఎయిర్‌పోర్ట్ మొదలైంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఓర్విల్ రైట్ గుర్తొస్తాడు. రెండింటికీ సంబంధమేమీ లేదు, పేర్లు కలిశాయంతే. కానీ ఆయన కథ తెలిశాక మాత్రం మా నాయనే గుర్తొచ్చాడు.

ఓర్విల్ 1871 ఆగస్టు 19న అమెరికాలోని డేటన్‌లో పుట్టాడు. నాయన మిల్టన్ చర్చిలో బిషప్, ఎప్పుడూ ఊళ్ళు తిరిగే పని. అమ్మ సూసన్ బండ్లు తయారుచేసే ఆయన కూతురు. పనిముట్లు పట్టడం బాగా తెలుసు, పిల్లలకు బొమ్మలు తనే చేసిచ్చేది.

1878లో ఒకరోజు మిల్టన్ ఊరి నుంచి వస్తూ చేతుల్లో ఏదో దాచి తెచ్చి, పిల్లల ముందు గాల్లోకి వదిలాడు. వెదురు, బెండు, కాగితం, రబ్బరు బ్యాండుతో చేసిన హెలికాప్టర్ బొమ్మ. కింద పడకుండా పైకప్పు దాకా ఎగిరింది. ఓర్విల్‌కి అప్పుడు 7 ఏళ్ళు, అన్న విల్బర్‌కి 11.

ఆ బొమ్మ తొందరగానే విరిగిపోయింది. అన్నదమ్ములు అలాంటివే సొంతంగా చేయడం మొదలుపెట్టారు. చిన్నవి బాగా ఎగిరాయి, పెద్దవి ఎగరలేదు. సైజు రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు కావాలని వాళ్ళకు అప్పుడు తెలీదు. చిన్న డేటాకి నడిచిన కోడ్ పెద్ద డేటాకి పడిపోవడం మనకి మాత్రం కొత్తా? విసుగొచ్చి గాలిపటాలు పట్టుకున్నారు.

1889లో అమ్మ క్షయతో చనిపోయింది. తర్వాత అన్నదమ్ములు సైకిల్ షాపు పెట్టారు. 1899లో మళ్ళీ మోడల్‌తోనే మొదలు, 5 అడుగుల రెక్కల గాలిపటం. 1901లో మనిషిని మోసే గ్లైడర్ చేస్తే అనుకున్నంత లేవలేదు. అప్పుడు 6 అడుగుల చెక్క పెట్టెకి ఫ్యాన్ బిగించి, రేకుతో చేసిన చిట్టి రెక్కలు దాదాపు 200 రకాలు అందులో పరీక్షించారు. ఆ లెక్కలతోనే 1903 డిసెంబర్ 17న కిట్టీ హాక్ దగ్గర ఓర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు.

ఇద్దరూ ఒకేసారి విమానం ఎక్కొద్దని మిల్టన్ మాట తీసుకున్నాడు. ప్రమాదం జరిగితే ఇద్దరు కొడుకులూ పోతారు కదా. 1910 మే 25న ఒక్కసారి ఒప్పుకున్నాడు. అదే రోజు 81 ఏళ్ళ నాయనను ఓర్విల్ విమానంలో తిప్పాడు, దాదాపు 7 నిమిషాలు. పెద్దాయన ఇంకా పైకి పోనీమన్నాడట!

రెండేళ్ళకే విల్బర్ టైఫాయిడ్‌తో పోయాడు. 1917లో మిల్టన్ కూడా. ఓర్విల్ పెళ్ళి చేసుకోలేదు. అన్నల పిల్లలకు బొమ్మలు చేసిచ్చేవాడు. గాల్లో ఎగిరి ఊయల పట్టుకునే జోకర్ బొమ్మకి పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1948 జనవరి 30న చనిపోయాడు.

మా నాయన నాకు తిరునాళ్ళలో కొనిచ్చిన బస్సుని నేను రెండో రోజే విప్పేశాను. ఆయన తిట్టలేదు, స్క్రూడ్రైవర్ తెచ్చి పక్కన కూర్చున్నాడు. దానికి థాంక్స్ చెప్పాలని ఇన్నేళ్ళూ తోచలేదు. ఈ సెలవులకి ఇంటికెళ్ళి చెప్తాను.