థామస్ ప్లేఫోర్డ్

సర్ థామస్ ప్లేఫోర్డ్ (జూలై 5, 1896 - జూన్ 16, 1981) ఆస్ట్రేలియాలోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి 1938 నుండి 1965 వరకు ప్రీమియర్‌గా పనిచేసిన రాజకీయ నాయకుడు. ప్రీమియర్ పదవి మన దేశంలోని రాష్ట్ర ముఖ్యమంత్రి పదవితో సమానమైనది. ఈయన 26 సంవత్సరాలకు పైగా నిరంతరాయంగా ఆ పదవిలో కొనసాగాడు. ప్రైవేటు ఆస్తి హక్కును గట్టిగా సమర్థించే పక్షానికి నాయకుడై ఉండి కూడా, రాష్ట్ర రాజధాని అడిలైడ్‌కు విద్యుత్తును సరఫరా చేసే ప్రైవేటు సంస్థను 1946లో ప్రభుత్వపరం చేయడం ఈయన జీవితంలో ప్రధాన ఘట్టం. విద్యుత్ కేంద్రాలు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఆ రాష్ట్రంలో ఈయన మరణానంతరం కూడా పలుమార్లు ముందుకు వచ్చింది.

బాల్యం, సైనిక సేవ

ప్లేఫోర్డ్ అడిలైడ్‌కు తూర్పున ఉన్న కొండలలోని నార్టన్ సమిట్ అనే గ్రామంలో జన్మించాడు. వీరిది పండ్ల తోటలు సాగుచేసే రైతు కుటుంబం. ఆ వంశంలో థామస్ ప్లేఫోర్డ్ అనే పేరు గలవారిలో ఈయన నాలుగవవాడు. ఈయన తాతగారు 19వ శతాబ్దంలో రెండుసార్లు అదే రాష్ట్రానికి ప్రీమియర్‌గా పనిచేశాడు. పదమూడేళ్ల వయసులో తండ్రికి కాలు విరగడంతో తోట పనులు చూసుకోవడానికి బడి మానివేసిన ప్లేఫోర్డ్ మళ్లీ చదువుకు తిరిగి వెళ్లలేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 1915లో సైన్యంలో చేరి, 27వ బెటాలియన్‌లో గాలిపోలీ, ఫ్రాన్సు రణరంగాలలో పోరాడాడు. 1916లో ఫ్రాన్సులో తీవ్రంగా గాయపడి లండన్‌లో దీర్ఘకాలం చికిత్స పొందాడు. ఆ గాయాల వల్ల వినికిడి శక్తి శాశ్వతంగా కొంత తగ్గింది. 1919లో స్వదేశానికి తిరిగివచ్చి మళ్లీ తోటల పెంపకం చేపట్టాడు. 1928లో లోర్నా క్లార్క్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు సంతానం.

రాజకీయ ప్రవేశం

1933లో లిబరల్ అండ్ కంట్రీ లీగ్ తరఫున రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1938 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాడు. అదే సంవత్సరం నవంబరులో ప్రీమియర్ రిచర్డ్ బట్లర్ రాజీనామా చేయగా ఆ పదవి ప్లేఫోర్డ్‌కు దక్కింది. అప్పటికి దక్షిణ ఆస్ట్రేలియా ప్రధానంగా గోధుమ, ఉన్ని మీద ఆధారపడిన వ్యవసాయ రాష్ట్రం. పరిశ్రమలు రానిదే రాష్ట్రానికి భవిష్యత్తు లేదని ప్లేఫోర్డ్ భావించాడు. పరిశ్రమలకు కావలసినవి నీరు, గృహవసతి, అన్నింటికంటే ముఖ్యంగా ఆగకుండా లభించే విద్యుత్తు.

బొగ్గు సమస్య

ఆనాడు అడిలైడ్‌కు విద్యుత్తును అడిలైడ్ ఎలక్ట్రిక్ సప్లై కంపెనీ అనే ప్రైవేటు సంస్థ సరఫరా చేసేది. అడిలైడ్ సమీపంలోని ఆస్‌బోర్న్ వద్ద ఉన్న విద్యుత్ కేంద్రానికి బొగ్గు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నుండి ఓడలలో వచ్చేది. అక్కడి గని కార్మికులు సమ్మె చేసినా, యుద్ధకాలంలో ఓడలు దొరకకపోయినా అడిలైడ్‌లో నిల్వలు తరిగిపోయేవి. విద్యుత్తును వాడకానికి తగినట్లు ఎప్పటికప్పుడు ఉత్పత్తి చేయవలసిందే కాబట్టి, ఇంధనం అందకపోతే కర్మాగారాలు మూతపడక తప్పదు. అనగా ఒక రాష్ట్రపు వెలుగు మరొక రాష్ట్రపు గనుల మీద ఆధారపడి ఉండేది.

దక్షిణ ఆస్ట్రేలియాకు సొంత బొగ్గు లేకపోలేదు. రాష్ట్ర ఉత్తర భాగంలో, అడిలైడ్‌కు 500 కిలోమీటర్లకు పైగా దూరంలో, లీ క్రీక్ వద్ద నాసిరకపు బొగ్గు నిక్షేపాలు ఉన్నాయి. అందులో తేమ, బూడిద ఎక్కువ. వేడినిచ్చే గుణం తక్కువ. సాధారణ బాయిలర్లలో అది సరిగా మండదు. ప్లేఫోర్డ్ ప్రభుత్వం 1943లో అక్కడ తవ్వకం ప్రారంభించింది. కొత్త బాయిలర్లను ఈ బొగ్గుకు అనువుగా నిర్మించవలసిందిగా కంపెనీని కోరింది. నాణ్యత తక్కువ, ఖర్చు ఎక్కువ అన్న అభిప్రాయంతో కంపెనీ అందుకు సుముఖత చూపలేదు. వాటాదారుల లాభం దృష్ట్యా కంపెనీ వాదనలో తర్కం లేకపోలేదు. అయితే సరఫరా ఆగిపోతే కలిగే నష్టం కంపెనీ లెక్కలలో కంటే ప్రజల జీవితంలోనే ఎక్కువగా కనబడుతుంది. వివాదానికి మూలం ఇదే.

జాతీయీకరణ

1945లో ప్రభుత్వం ఈ విషయాన్ని పరిశీలించడానికి రాయల్ కమిషన్‌ను నియమించింది. విద్యుత్ సరఫరా ప్రభుత్వ యాజమాన్యంలోకి రావాలని కమిషన్ సిఫారసు చేసింది. ప్లేఫోర్డ్ అందుకు తగిన బిల్లును ప్రవేశపెట్టాడు. ప్రతిపక్షమైన లేబర్ పార్టీ మద్దతుతో అది శాసనసభలో నెగ్గింది. కాని శాసనమండలిలో ఈయన సొంత పక్షానికి చెందిన సభ్యులలో పలువురు దానిని సోషలిజంగా భావించి వ్యతిరేకించడంతో బిల్లు వీగిపోయింది.

ప్లేఫోర్డ్ వెనుకంజ వేయలేదు. 1946లో బిల్లును తిరిగి ప్రవేశపెట్టాడు. మండలిలో ఒక సభ్యుడు తన అభిప్రాయాన్ని మార్చుకోవడంతో ఈసారి అది చట్టమైంది. కేంద్రంలో లేబర్ ప్రధానమంత్రిగా ఉన్న బెన్ చీఫ్లీ పార్టీ భేదం పాటించక ప్లేఫోర్డ్‌కు తోడ్పడ్డాడు. కంపెనీ వాటాదారులకు పరిహారం చెల్లించి, దాని ఆస్తులను ఎలక్ట్రిసిటీ ట్రస్ట్ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించారు.

ట్రస్టు లీ క్రీక్ బొగ్గు కోసమే ప్రత్యేకంగా పోర్ట్ అగస్టా వద్ద విద్యుత్ కేంద్రాలను నిర్మించింది. 90 మెగావాట్ల మొదటి కేంద్రం 1954లో ఉత్పత్తి ప్రారంభించింది. 240 మెగావాట్ల రెండవ కేంద్రం 1960వ దశకం తొలి సంవత్సరాలలో పూర్తయింది. ఈ రెంటికీ ప్లేఫోర్డ్ పేరే పెట్టారు. విద్యుత్ తీగలు గ్రామీణ ప్రాంతాలకు విస్తరించాయి. ఈయన పాలన చివరి కాలంలో టోరెన్స్ ఐలాండ్ కేంద్రానికి పునాది పడింది. 1967లో పనిచేయడం మొదలుపెట్టిన ఆ కేంద్రానికి 1969లో మూంబా నుండి గొట్టపు మార్గం ద్వారా సహజ వాయువు అందింది.

ఇతర కార్యక్రమాలు

1944లో మర్రే నది నీటిని మోర్గన్ నుండి వయాలా పట్టణానికి చేర్చే పైపులైను పూర్తయింది. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ద్వారా శ్రామికులకు తక్కువ అద్దెకు ఇళ్లు లభించాయి. 1955లో అడిలైడ్‌కు ఉత్తరాన ఎలిజబెత్ అనే కొత్త పట్టణం వెలసింది. అక్కడ హోల్డెన్ కార్ల కర్మాగారం ఏర్పడింది. 1957లో ప్లేఫోర్డ్‌కు సర్ బిరుదు లభించింది.

విమర్శలు

ప్లేఫోర్డ్ సుదీర్ఘ పాలనకు ఎన్నికల విధానం ముఖ్య కారణమని విమర్శకులు చెబుతారు. 39 స్థానాల శాసనసభలో అడిలైడ్ నగరానికి 13, గ్రామీణ ప్రాంతానికి 26 స్థానాలు ఉండేవి. జనాభాలో అధిక భాగం నగరంలోనే ఉన్నందున నగర ఓటరు ఓటు విలువ బాగా తగ్గిపోయింది. ఈ విధానం ఈయనకు ముందే ఏర్పడినప్పటికీ, ఈయన పేరు మీదుగా ప్లేమాండర్ అని ప్రసిద్ధి చెందింది. 1962 ఎన్నికలలో లేబర్ పార్టీకి 19, ఈయన పక్షానికి 18 స్థానాలు రాగా, ఇద్దరు స్వతంత్రుల మద్దతుతో ప్లేఫోర్డ్ అధికారంలో నిలిచాడు. 1959లో మాక్స్ స్టూవర్ట్ అనే ఆదివాసికి విధించిన మరణశిక్ష విషయంలో కూడా ప్రభుత్వం తీవ్ర విమర్శలను ఎదుర్కొంది. తరువాత ఆ శిక్షను యావజ్జీవ శిక్షగా మార్చారు.

చివరి దశ, మరణం

1965 మార్చిలో జరిగిన ఎన్నికలలో ఫ్రాంక్ వాల్ష్ నాయకత్వంలోని లేబర్ పార్టీ విజయం సాధించింది. ప్లేఫోర్డ్ 1966లో పక్ష నాయకత్వాన్ని వదలుకొని, 1968లో శాసనసభ నుండి విరమించాడు. 1981 జూన్ 16న మరణించాడు. 1997లో ఎలిజబెత్ పరిసర ప్రాంతాలను కలిపి ఏర్పాటు చేసిన పురపాలక ప్రాంతానికి సిటీ ఆఫ్ ప్లేఫోర్డ్ అని పేరు పెట్టారు.

మరణానంతరం

1999-2000లో ప్లేఫోర్డ్ రాజకీయ సంప్రదాయానికే చెందిన లిబరల్ ప్రభుత్వం రాష్ట్ర విద్యుత్ ఆస్తులను దీర్ఘకాలిక లీజుల ద్వారా ప్రైవేటు సంస్థలకు ఇచ్చివేసింది. లీ క్రీక్ గని 2015లోను, పోర్ట్ అగస్టాలోని చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2016 మేలోను మూతపడ్డాయి.

2016 సెప్టెంబరు 28న తీవ్రమైన తుఫాను గాలులకు ట్రాన్స్‌మిషన్ టవర్లు కూలిపోయాయి. వోల్టేజి పలుమార్లు పడిపోగా, రక్షణ అమరికల కారణంగా పలు పవన విద్యుత్ క్షేత్రాల ఉత్పత్తి ఒక్కసారిగా తగ్గింది. ఆ లోటంతా విక్టోరియా రాష్ట్రంతో కలిపే హేవుడ్ అనుసంధాన మార్గం మీద పడి, అది కూడా తెగిపోయింది. దాదాపు 8,50,000 మంది వినియోగదారులు చీకటిలో మునిగారు. 2017 ఫిబ్రవరిలో వడగాలుల సమయంలో మళ్లీ కోతలు విధించవలసి వచ్చింది.

2017 మార్చిలో లేబర్ ప్రీమియర్ జే వెదరిల్ 55 కోట్ల డాలర్ల ప్రణాళికను ప్రకటించాడు. అత్యవసర సమయంలో మాత్రమే నడిచే ప్రభుత్వ గ్యాస్ విద్యుత్ కేంద్రం అందులో ఒక భాగం. ఆ ఏడాదే ప్రభుత్వం గ్యాసుతోను, డీజిలుతోను నడవగల 9 టర్బైన్లను సమకూర్చుకుంది. వాటి మొత్తం సామర్థ్యం 276 మెగావాట్లు. వాటిలో కొన్నింటిని లాన్స్‌డేల్ వద్ద, మిగిలినవాటిని ఎలిజబెత్‌లోని హోల్డెన్ కర్మాగారం స్థలంలో నెలకొల్పారు. ఇటువంటి కేంద్రం ఏడాదిలో చాలా కాలం ఖాళీగా ఉంటుంది కనుక దానిమీద లాభం తక్కువ. అది ఒక విధంగా బీమా వంటిదని సమర్థకులు, ప్రభుత్వం పోటీకి దిగితే ప్రైవేటు పెట్టుబడులు వెనుకాడుతాయని విమర్శకులు వాదించారు. 2018లో అధికారంలోకి వచ్చిన లిబరల్ ప్రభుత్వం 2019లో ఈ టర్బైన్లను 25 ఏళ్లకు ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇచ్చింది.

ప్లేఫోర్డ్ కాలపు సమస్యకు మూలం పొరుగు రాష్ట్రపు బొగ్గు అయితే, 2016 నాటి సమస్యకు మూలం గ్రిడ్ స్థిరత్వం. కారణాలు వేరైనా, అవసరమైనప్పుడు ఆదుకొనే విద్యుత్తుకు అయ్యే ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న రెండు కాలాలలోనూ ఒక్కటే. అందుచేత ఆస్ట్రేలియాలో విద్యుత్ యాజమాన్యం గురించి జరిగే చర్చలలో థామస్ ప్లేఫోర్డ్ పేరును ఇరుపక్షాలవారూ ప్రస్తావిస్తుంటారు.