పుణ్యం లెక్కపెట్టుకుంటూ నిద్రపోని సన్యాసి: మార్టిన్ లూథర్ కథ

ఈ వారం వీడియోలో శరణాగతి గురించి మాట్లాడుకున్నాం. టైమ్ చాలక వదిలేసిన ఒక జీవితకథ ఇక్కడ రాస్తున్నాను.

మనం మోక్షం అన్నట్టు క్రైస్తవులు రక్షణ అంటారు. దాని మీద మనవాళ్లలో రెండు అపోహలు నేను ఎక్కువగా వింటుంటాను. పుణ్యం ఎక్కువైతే స్వర్గం, అంతే లెక్క అని ఒకటి. నమ్మితే చాలు, ఆ తర్వాత ఏం చేసినా పర్లేదు అని ఇంకోటి. ఈ రెండిటితోనూ పోరాడిన మనిషి లూథర్.

1483లో జర్మనీలోని ఐస్లేబెన్‌లో పుట్టాడు. కొడుకు లాయర్ కావాలని తండ్రి పట్టుదల. 1505 జూలైలో దారిలో ఉండగా పక్కనే పిడుగు పడింది. బతికితే సన్యాసినవుతానని పునీత అన్నమ్మకు మొక్కుకున్నాడు. రెండు వారాలకే ఎర్ఫర్ట్ మఠంలో చేరిపోయాడు.

అక్కడ ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాలు ఒప్పుకోవడం. ఎంత చేసినా ఇది దేవుడికి సరిపోయిందా అన్న భయం మాత్రం పోలేదు. ఈ కథలో నా మనసుకి తగిలేది ఇదే. రోజూ స్కోరు చూసుకుంటూ బతికేవాడికి శాంతి ఎక్కడిది? తర్వాత విటెన్‌బర్గ్‌లో బైబిల్ పాఠాలు చెబుతూ, పౌలు రాసిన రోమా పత్రిక చదువుతుంటే ఆయనకు విషయం తట్టింది. రక్షణ మనం సంపాదించే జీతం కాదు, దేవుడి కృప. విశ్వాసం దాన్ని అందుకునే చెయ్యి.

అదే కాలంలో టెట్జెల్ అనే సన్యాసి శిక్ష తగ్గింపు పత్రాలు అమ్ముతున్నాడు. చర్చి సిద్ధాంతం ప్రకారం అవి పశ్చాత్తాపపడినవాడికి మిగిలిన శిక్షను తగ్గించేవి మాత్రమే. జనం మాత్రం స్వర్గానికి టికెట్ అనుకుని కొన్నారు. 1517 అక్టోబర్ 31న లూథర్ 95 వాదాంశాలతో దీన్ని ప్రశ్నించాడు. 1521లో పోప్ వెలివేశాడు. వర్మ్స్ సభలో చక్రవర్తి ముందు కూడా మాట వెనక్కి తీసుకోలేదు. వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు.

మరి నమ్మాక ఏం చేసినా పర్లేదా? తన అనుచరుడు అగ్రికోలా, విశ్వాసికి ధర్మశాస్త్రం బోధించక్కర్లేదని వాదిస్తే లూథరే గట్టిగా ఖండించాడు. ఆయన దృష్టిలో మంచి పనులు రక్షణకు కట్టే ఫీజు కాదు, రక్షణ దొరికినవాడిలో సహజంగా కాసే కాయలు. మన శ్రీవైష్ణవంలో తల్లిని పట్టుకునే కోతిపిల్ల, తల్లి నోట కరుచుకుని మోసే పిల్లికూన పోలికలు ఉన్నాయి కదా, లూథర్ మాట రెండోదానికి దగ్గర. రెండు సిద్ధాంతాలూ ఒకటే అని మాత్రం కాదు.

ఆయన మచ్చలేని మనిషేం కాదు. 1543లో యూదుల మీద విషం కక్కుతూ రాశాడు. 1546లో పుట్టిన ఊళ్లోనే చనిపోయాడు. ఆ సంప్రదాయం 1842లో హేయర్ అనే మిషనరీతో మన గుంటూరుకి వచ్చింది. 1999లో కేథలిక్కులు, లూథరన్లు కలిసి, రక్షణకు మూలం కృపేనని ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు.

ఇంకొకరి విశ్వాసం మీద వాదించే ముందు వాళ్లు నిజంగా ఏం నమ్ముతున్నారో అడిగి తెలుసుకుందాం. మన ధర్మం గురించి కూడా మనం కోరుకునేది అదే కదా. జై శ్రీమన్నారాయణ!