బడిపిల్లల దగ్గరికి ప్రయోగశాల: విక్రమ్ సారాభాయ్ జీవితం

విక్రమ్ సారాభాయ్ అనగానే మనకు రాకెట్లు, ఉపగ్రహాలు గుర్తొస్తాయి. శాస్త్రవేత్తలను బడిపిల్లల దగ్గరికి నడిపించింది కూడా ఆయనేనన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆయన 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో ధనిక మిల్లు యజమానుల ఇంట పుట్టారు. తల్లిదండ్రులు అంబాలాల్, సరళాదేవి పిల్లల కోసం ఇంట్లోనే బడి పెట్టి, మంచి ఉపాధ్యాయులను నియమించారు. కేంబ్రిడ్జ్‌లో చదువుతుండగా రెండో ప్రపంచ యుద్ధం రావడంతో స్వదేశానికి వచ్చి, బెంగళూరులో సి.వి. రామన్ గారి దగ్గర కాస్మిక్ కిరణాలపై పరిశోధన చేశారు. 1947లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ పొందారు. అదే ఏడాది నవంబరులో అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనశాల స్థాపించారు. మొదట్లో దానికి సొంత భవనం లేదు. ఒక సైన్స్ కాలేజీ గదుల్లోనే పని సాగింది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన దేశపు తొలి రాకెట్ ప్రయోగం ఆయన నాయకత్వంలోనే జరిగింది.

ఆ 1960లలోనే ఆయన ప్రోత్సాహంతో భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు కొందరు బడుల్లో సైన్స్ బోధనను మెరుగుపరిచే పనికి పూనుకున్నారు. ఆ కృషి ఫలితమే అహ్మదాబాద్ కమ్యూనిటీ సైన్స్ సెంటర్. 1968 డిసెంబరులో దానికి గురువు రామన్ గారే పునాదిరాయి వేసి, ఆకాశం నీలంగా ఎందుకుంటుందో వివరిస్తూ ఉపన్యసించారు. పిల్లలు పాఠం వల్లెవేయకుండా, వస్తువును చేత్తో పట్టుకొని ప్రయోగం చేసి నేర్చుకోవాలన్నదే ఆ కేంద్రం ఆశయం.

పట్నం పిల్లలతోనే ఆయన ఆగలేదు. ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు పంపాలని తలచి, 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిర్చారు. దాని ఫలితంగా 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో టీవీ పాఠాలు వచ్చాయి. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఉదయం కార్యక్రమాలు బడిపిల్లలకే. తెలుగులో కూడా ప్రసారమయ్యాయి.

అది చూడటానికి ఆయన లేరు. 1971 డిసెంబరు 30న 52 ఏళ్ల వయసులో కోవళంలో కన్నుమూశారు. అంతకు మూడు నెలలలోపే, అక్టోబరు 9న, మన శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది. 2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన చంద్రయాన్-3 ల్యాండర్‌కు ఆయన పేరే పెట్టారు.

సారాభాయ్‌కి బడి ఇంటికే వచ్చింది. మనలో చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మనమే. సందేహం వస్తే ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. ఎన్నో హాస్టళ్లలో తమ్ముళ్లు పట్టకాన్ని పుస్తకంలో బొమ్మగానే చూసి పరీక్ష రాస్తున్నారు. అందుకే యూనివర్సిటీల్లో చదువుతున్న పూర్వ విద్యార్థులకు నా విన్నపం. నెలకో ఆదివారం ఒక పట్టకమో, భూతద్దమో, నక్షత్రాల పటమో పట్టుకొని హాస్టల్‌కు రండి. రాత్రి డాబా మీద ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తమ్ముళ్లకు ఆకాశం చూపిద్దాం. సారాభాయ్ గారికి మనం అర్పించగల నిజమైన నివాళి అదే.