ఔషధ తపస్వి ఎల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు నగరంలోని దోమలగూడకు వెళ్లినవారికి రామకృష్ణ మఠం సుపరిచితం. ప్రార్థనా మందిరం, గ్రంథాలయం ఉన్న ఆ ఆవరణలోనే వివేకానంద ఆరోగ్య కేంద్రం కూడా ఉంది. భగవదారాధన, రోగి సేవ ఒకే ప్రాంగణంలో సాగుతుంటాయి. ఈ మఠం 1973లో ఏర్పడింది. అప్పటికి ఎల్లాప్రగడ సుబ్బారావు కన్నుమూసి పాతికేళ్లు అయింది. అయితే ఇటువంటి చోటనే కాషాయం ధరించి, రోగులకు సేవ చేస్తూ జీవితం గడపాలని ఆయన యౌవనంలో గాఢంగా కోరుకున్నారు. ఆ కోరిక తీరలేదు. సన్న్యాసి కావలసిన ఆ యువకుడు సముద్రాలు దాటి ప్రయోగశాలలో తపస్సు చేశారు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. బాల్యంలో ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కు రప్పించి మళ్లీ బడిలో చేర్పించింది. రాజమండ్రిలోనూ, మద్రాసులోనూ చదివి, రెండుసార్లు తప్పి, మూడవసారి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. నేటి విద్యార్థులకు ఇది కొంత ఊరట కలిగించే విషయమే.

మద్రాసులో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్న్యాసం స్వీకరించడానికి తల్లి అనుమతి కావాలన్నారు మఠంవారు. తల్లి అంగీకరించలేదు. వైద్యం చదివి ఆ విద్యతోనే ప్రజలకు సేవ చేయవచ్చునన్న ఆలోచనతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయపడ్డారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది.

ఆ రోజుల్లోనే ఆయన కుటుంబంపై పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి సోకి ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించారు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు గ్రహించలేక, రక్తం క్షీణించి, మనిషి కృశించిపోయే వ్యాధి అది. ఆనాటి ఆధునిక వైద్యం వద్ద దానికి మందు లేదు. అదే వ్యాధి కొంతకాలానికి సుబ్బారావుకూ సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు కూడా. మూలికలోని ఏ పదార్థం రోగిని కాపాడింది, ఎంత మోతాదులో కాపాడింది అన్న ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. సమాధానం వెతుక్కుంటూ విదేశయానానికి సిద్ధపడ్డారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనసహాయం చేశారు.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. భారతీయ వైద్య పట్టాకు అక్కడ విలువ లేకపోవడంతో పొట్టపోసుకోవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు పరిశోధన. సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులకు అది ఫిస్కే - సుబ్బారావు పద్ధతిగా పరిచయం. ఆ కొలత చేతికి రావడంతోనే కండరాల్లో శక్తిని నిలువచేసే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తరువాత ఏ.టి.పి. అనే పదార్థం బయటపడ్డాయి. కంటికి కనిపించని దానిని కచ్చితంగా కొలవడంతో ఆయన శాస్త్రజీవితం మొదలైంది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, రెండేళ్లలో పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు.

ఆయన ఔషధరంగంలో అడుగుపెట్టిన కాలం గమనింపదగినది. 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును విషపూరితమైన ద్రావకంలో కలిపి అమ్మినందువల్ల వందమందికి పైగా మరణించారు. వారిలో పసిపిల్లలు చాలామంది. మందు మంచిదే, దానిని అందించిన ద్రవం ప్రాణాంతకమైంది. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన చట్టం, కొత్త మందు సురక్షితమని రుజువు చేసిన తరువాతనే విక్రయించాలని శాసించింది. మందు పనిచేస్తుందని కూడా రుజువు చేయాలన్న నిబంధన 1962 వరకు రాలేదు.

తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల సుబ్బారావులో చల్లారలేదు. కాలేయంలోనూ ఈస్టులోనూ రక్తహీనతను పోగొట్టే పదార్థమేదో ఉందని అప్పటికి శాస్త్రజ్ఞులకు తెలుసు. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి లూసీ విల్స్ అనే వైద్యురాలు దానికి దారి చూపింది. సుబ్బారావు బృందం ఆ పదార్థాన్ని వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ రోగులు దానితో తేరుకున్నారు. సోదరులు మరణించిన పాతికేళ్లకు పైబడి మందు దొరికింది.

అయితే ఫోలిక్ ఆమ్లం ఒక హెచ్చరికను కూడా వెంటతెచ్చింది. పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రకం రక్తహీనతలో అది రక్తాన్ని మెరుగుపరచింది గాని, నరాలు దెబ్బతినడాన్ని ఆపలేకపోయింది. రోగి ముఖంలో కళ వస్తుంది, లోపల వ్యాధి పాకుతూనే ఉంటుంది. ఆ రోగులకు నిజంగా కావలసినది 1948లో వేరుచేయబడిన బి-12 విటమిన్. ఒక గుణం కనిపించినంత మాత్రాన మందు రోగమంతటినీ కుదిర్చిందనుకోరాదని ఈ అనుభవం వైద్యులకు నేర్పింది.

అంతకంటె చిత్రమైన మలుపు బోస్టన్‌లో ఎదురైంది. పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకున్నట్లు కనిపించింది. పెంచేది ఉంటే అడ్డుకునేదీ ఉండాలన్న తర్కంతో ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే పదార్థాలపై దృష్టి సారించారు. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్ ఆ విధంగా 1947 చివర్లో పిల్లలకు చేరింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం పదహారుమంది పిల్లల్లో పదిమందికి వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసింది. అంతవరకు ఆ రోగానికి మరణం తప్ప మరో దారి లేదు. అయితే ఆ ఊరట తాత్కాలికమే. పైగా ఆ మందు నోటిపూత, పేగులకు హాని కలిగించేది. కొద్దిగా ఎక్కువైతే విషం, కొద్దిగా తక్కువైతే నిష్ఫలం.

ఈ చిక్కుముడి విడివడకముందే, 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో గుండెపోటుతో మరణించారు. వయస్సు యాభై మూడేళ్లు. ఇల్లు విడిచి వెళ్లినవాడు మళ్లీ స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరిని తిరిగి చూడలేదు.

అమినోప్టెరిన్ స్థానాన్ని దాని సోదరి వంటిదైన మెథోట్రెక్సేట్ ఆక్రమించింది. గర్భాశయంలో పుట్టే ఒక రకం క్యాన్సర్ ఈ మందుతో నయమవుతుందని 1956లో రుజువైంది. క్యాన్సర్ కణాలు మెదడు చుట్టూ దాగినప్పుడు రక్తంలోని మందు అక్కడికి చాలినంతగా చేరదు. అందుకే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే సూదితో పంపే పద్ధతి వచ్చింది. మిక్కిలి పెద్ద మోతాదు ఇవ్వవలసివస్తే, కొన్ని గంటల తరువాత ఫోలినిక్ ఆమ్లమిచ్చి ఆరోగ్యకరమైన కణాలను కాపాడతారు. మందును సూక్ష్మ కణికల్లో నింపి నేరుగా వ్యాధి ఉన్నచోటికి చేర్చే పరిశోధనలూ సాగుతున్నాయి.

సుబ్బారావు ప్రయోగశాల నుంచి 1947లో వెలువడిన హెట్రజాన్ మన తీరాంధ్రకు మరింత దగ్గరిది. బోదకాలు వ్యాధి గోదావరి జిల్లాల్లో తరతరాల వెత. దోమకాటుతో శరీరంలోకి చేరే పురుగుల పిల్లలను ఈ మందు రక్తంలో నశింపజేస్తుంది. భారతదేశంలో 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ ఈ మాత్రలు పంచుతూ వచ్చారు. 2018 నుంచి ఎంపికచేసిన జిల్లాల్లో మూడు మందులు కలిపి ఇస్తున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఇవ్వరు. ఆఫ్రికాలో నదీ అంధత్వం ఉన్న ప్రాంతాల్లో ఇదే మందు కళ్లకు చేటు చేయగలదు కనుక అక్కడ వాడరు. మన ఊళ్లలో మాత్రలు తీసుకున్నవారిలో కొందరు వాటిని మింగక గూట్లో దాచిపెట్టేవారు. అందుచేత ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మింగించాలన్న నియమం పెట్టారు. ఎంత గొప్ప మందైనా గూట్లో ఉంటే పురుగును చంపలేదు కదా!

ఇక మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతానికి కూడా విరివిగా వాడే మందు. దానిని వారానికి ఒక్కసారి మాత్రమే, చిన్న మోతాదులో తీసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణం కోల్పోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. అందువల్ల వైద్యులు వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీపై స్పష్టంగా రాస్తారు. రక్తపరీక్షలు చేయిస్తూ కాలేయాన్ని గమనిస్తారు. దాని దుష్ఫలితాలను తగ్గించడానికి మరొక రోజున ఇంకో మాత్ర వేసుకోమంటారు. ఆ రెండవ మాత్ర పేరు ఫోలిక్ ఆమ్లం.